నాయన పెన్నులో బంగారు గుండు

పెన్నుల మీటింగుకు పోవడానికి భయపడే మనిషి ఈ లోకంలో ఎవరైనా ఉంటారా అంటే, నేనున్నాను. కోలారులో మా ఇంటి నుంచి నడిచి పోయేంత దూరంలో, ఒక ట్యుటోరియల్ మేడ మీది గదిలో, నెలకొక ఆదివారం ఇంకు పెన్నులంటే ఇష్టమున్నవాళ్లు కలుస్తారని తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. తెలుసుకున్నాక మెట్లెక్కడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మా నాయన పోయి అప్పటికి సరిగ్గా ఎనిమిది నెలలు. ఆయన నల్ల పెన్ను నా వాటాకు వచ్చింది. దాని పాళీ బాగు చేయించాలని ఇంట్లో వాళ్లకు చెప్పి బజారంతా తిరిగాను. పుస్తకాల అంగడాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంగ వీటిని ఎవురు వాడతారమ్మా? బెంగుళూరు పోతే పెద్ద పెద్ద హోటళ్లలో మీటింగులు పెడతారంట. మన కాడ కూడా పిల్లోళ్లు ఏదో చేస్తా ఉండారు, ఫోన్లో గ్రూపు ఉండాది, చేరుకో" అని నంబరు రాసిచ్చాడు. చేరాను. పాళీ సంగతి ఒక సాకు మాత్రమే. పెన్నుల పిచ్చి ఉన్న మనిషి ముసలివాడైనా పెన్నులున్న చోటికి రాకుండా ఉండలేడని నాకు తెలుసు. నేను వెతుకుతున్నది ఆ మనిషిని. ఆయన దొరుకుతాడేమోనని రోజూ ఫోను చూసుకునేదాన్ని, దొరుకుతాడేమోనని భయంతో మళ్లీ మూసిపెట్టేదాన్ని. చివరికి ఒక రోజు గ్రూపులో కబురొచ్చింది. గోల్డ్ ఫీల్డ్స్‌లో గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసి రిటైరైన మునిరత్నం గారనే పెద్దాయన ఈసారి వస్తున్నారు, తన పాత పెన్నులన్నీ తెస్తున్నారు, తప్పక రండి అని. చదివి ఫోను దిండు కింద పెట్టేశాను.

నేను పుట్టి పెరిగింది గోల్డ్ ఫీల్డ్స్‌లో, మైను కట్టించిన లైను ఇళ్లలో. ఒక గది, ముందొక వసారా, రెండిళ్లకు ఒకే గోడ. పక్కింట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములు. మైను అప్పటికి గవర్నమెంటుదైపోయింది. దొరలు పోయారు కానీ దొరల గడియారం పోలేదు. పొద్దున మైను సైరను కూత వేస్తే అమ్మ పొయ్యి ముట్టించేది, మధ్యాహ్నం కూతకు అన్నం వార్చేది. కూత వేయకూడని వేళ వేసిందంటే మాత్రం లైనులో ఆడవాళ్లందరూ చేతిలో ఉన్నది చేతిలోనే పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్లు. భూమి లోపల బండ పగిలితే మా అటక మీద ఇత్తడి చెంబులు గలగలమనేవి. దాన్ని బరస్టు అనేవాళ్లు. చెంబులు ఆగేదాకా ఎవరూ మాట్లాడరు. మా నాయన గోవిందప్ప లోపలికి దిగే మనిషి కాడు. రాయిని పిండి కొట్టి బంగారం తీసే మిల్లులో గుమాస్తా. ఆ రోజు ఎంత రాయి వచ్చిందో, ఎవరు ఏ షిఫ్టు చేశారో రాయడం ఆయన పని. అందుకే అమ్మ ఇరుగమ్మలతో, "మాకు కింద భయం లేదమ్మా, గేటు భయమొక్కటే" అనేది. గొప్పగానే అనేది, కానీ ఆ ఒక్క భయమూ ఎట్లాంటిదో ఆమెకు తెలుసు.

మిల్లు గేటులో లోపలికి పోయేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. బయటికి వచ్చేటప్పుడే వెతుకుతారు. టిఫిను క్యారియరు గిన్నె గిన్నె విప్పి చూస్తారు, చెప్పులు విడిపించి దులిపిస్తారు, తలపాగా చుట్టుకున్నవాళ్లు విప్పాలి. గుమాస్తాలు వరసగా నిలబడి జేబులో పెన్ను తీసి చేతిలో పట్టుకోవాలి. గేటు పక్కన ఒక ఇసుక తొట్టి ఉండేది. కాపలావాడు పెన్ను మర విప్పి, గొట్టంలో ఇంకు కొంచెం ఆ ఇసుకలోకి ఒంపి, చెవి దగ్గర ఆడించి చూసి తిరిగి ఇచ్చేవాడు. ఆ తొట్టిలో ఇసుక ఎప్పుడూ నీలంగా ఉండేది. మా లైనులోనే నాలుగో ఇంటాయన క్యారియరు అడుగున గోరంత బంగారం ముక్క దొరికిందని ఆయన్ను పోలీసులు పట్టుకుపోయారు. మూడో రోజు ఆ ఇంటి సామాను వీధిలో ఉంది. మంచం, రోలు, ఉయ్యాల చెక్క, అన్నీ ఎండలో. ఆయన పెళ్లాం రోలు మీదే కూర్చుని ఉంది. నాతో గచ్చకాయలాడే ఆమె కూతురు ఆ రోజు నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. పదేళ్ల పిల్లకు ఇంతకంటే ఏం చెప్పాలి? గేటు అంటే ఇదీ అని నాకు అర్థమైపోయింది.

అంత భయంలోనూ మా నాయనకు ఒక సంబరం ఉండేది, ఆదివారం పొద్దున. రాబర్ట్‌సన్‌పేట బజారులో రహీం సాయిబు అని పెన్నులు బాగుచేసే ఆయన అంగడి. ఆదివారం తలుపులు మూసి ఉంటాయి, ముందర అరుగు మాత్రం ఖాళీ. ఆ అరుగు మీద పెన్నుల పిచ్చోళ్లు ఐదారుగురు చేరేవాళ్లు. నాయన నన్నూ వెంట తీసుకుపోయేవాడు. అక్కడ ఒక పద్ధతి. వచ్చిన ప్రతివాడూ తన పెన్ను మధ్యలో పెట్టాలి, అందరి పెన్నులతోనూ అందరూ ఒక్కొక్క వరుస రాయాలి, రెండో వరుస రాయకూడదు. పాళీ ఒకరి చేతికి అలవాటు పడుతుందని, పరాయి చెయ్యి ఎక్కువసేపు పడితే చెడిపోతుందని వాళ్ల నమ్మకం. ఆ నియమం ఇద్దరికి మాత్రం లేదు. మా నాయన, మునిరత్నం మామ ఇద్దరూ వారం వారం పెన్నులు మార్చుకుని, అరుగు దిగేదాకా వాటితోనే రాసుకునేవాళ్లు. మునిరత్నం మామ మిల్లు గేటులో కాపలావాడే. ఆరడుగుల మనిషి, గొంతు మాత్రం మెత్తన. గేటులో నాయనను చూస్తే కొత్త మనిషిని చూసినట్టే చూసేవాడు, పెన్ను విప్పి ఇంకు ఒంపేవాడు, ఒక్క చుక్క తగ్గించేవాడు కాడు. ఆదివారం అరుగు మీద కూర్చుంటే అదే చేత్తో నాయన భుజం మీద కొట్టి, "నిన్న నీ ఇంకు సగం ఇసుక తాగేసింది గోవిందప్పా, బేజారు చేసుకోవద్దు" అనేవాడు. నాయన నవ్వేవాడు.

ఆ ఆదివారం మాట పెన్ను గురించే వచ్చింది. నాయన నల్ల పెన్నులో ఇంకు గొట్టం గోడలకు అతుక్కుని కిందికి దిగేది కాదు. విదిలిస్తే చుక్క రాలి మిల్లు పుస్తకం పాడయ్యేది. ఆఫీసరు రెండుసార్లు అందరి ముందూ తిట్టాడు. మూడోసారి రాలిందంటే రాతపని మాన్పించి ఇంకో చోటికి తోస్తానన్నాడట. రహీం సాయిబు పెన్ను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, "దీంట్లో ఒక చిన్న గుండు ఏసుకో గోవిందప్పా. అది దొర్లతా ఉంటే ఇంకు కదులుతా ఉంటాది, విదిలించే పని లేదు" అన్నాడు. ఏ గుండు వెయ్యాలని నాయన అడిగాడు. "ఇనుముదైతే తుప్పు పడతాది, ఇత్తడి పచ్చగైతాది, గాజుది పగిలి పాళీకి అడ్డం పడతాది. ఇంకు తినలేనిది బంగారమొక్కటే" అన్నాడు సాయిబు. అందరూ ఒకటే నవ్వు. మునిరత్నం మామ, "ఏసుకో, ఏసుకో, రేపు గేటు కాడ నేనుండాను కదా" అన్నాడు. ఇంకా నవ్వు. ఆ నవ్వు నాకు చెవికెక్కలేదు. ఆఫీసరు తిట్టాడన్న మాట, బంగారమొక్కటే అన్న మాట, ఈ రెండే నా బుర్రలో పడ్డాయి.

ఆదివారం సాయంత్రం నాయన పెన్నులో ఇంకు నింపడం నా పని. వసారాలో తగరపు పళ్లెం పెట్టి, పాత బనీను గుడ్డ పరిచి, గాజు ఫిల్లరుతో బొట్టు బొట్టుగా నింపేదాన్ని. ఆ ఇంకు వాసన, గుడ్డకు అంటిన కిరసనాయిలు వాసన కలిసి ఇప్పటికీ నాకు ఆదివారం అంటే అదే. అమ్మ నల్లపూసల దండ అంతకు ముందే తెగింది. దానిలో బంగారు గుండ్లు తొమ్మిదింటినీ కంసాలికి ఇవ్వాలని కుంకుమ భరిణెలో దాచి పెట్టింది. ఆవగింజ కంటే కాస్త పెద్దవి. అందులో ఒకటి తీసి పెన్ను గొట్టంలో వేశాను. మర బిగించి ఆడించి చూశాను, లోపల మెత్తగా టిక్కుమంది. నాయనకు చెప్పలేదు. బాగా రాసిందని ఆయన వచ్చి చెప్పాక అప్పుడు చెప్పి మెప్పు పొందాలని నా ఆలోచన. ఎంత తెలివైన పిల్లనో చూడండి.

సోమవారం మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చేసరికి అమ్మ గది మధ్యలో చాప దులుపుతోంది. భరిణె బోర్లించి ఉంది. "ఎనిమిదే ఉండాయే. ఒకటి యాడ పోయె? చీమ తలంత బంగారం కోసం మనుషులు జైలుకు పోతా ఉండారు, నేనిట్ల ఇంట్లోనే పారేసుకొంటినే" అని తనను తానే తిట్టుకుంటోంది. ఆ మాట చెవిన పడగానే నాలుగో ఇల్లు గుర్తొచ్చింది. ఎండలో ఆ రోలు, దాని మీద కూర్చున్న మనిషి కళ్లకు కట్టింది. మా మంచం కూడా వీధిలోకి వస్తుంది. నాయన చేతికి సంకెళ్లు. అన్నం ముందు కూర్చున్నాను. అమ్మకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. చెబితే ఆమె అక్కడే పడిపోతుందనిపించింది. బడికని చెప్పి బయటపడి మిల్లు దారి పట్టాను. బంగారం తీశాక మిల్లు పారబోసిన పిండి, సైనైడ్ దిబ్బలు, వాటి పక్క నుంచి అడ్డదారి. గాలికి ఆ తెల్లటి దుమ్ము లేచి కళ్లలో పడుతుంటే పరుగెత్తాను. కురుడుమలె వినాయకుడికి నూటొక్క గుంజీళ్లు మొక్కుకున్నాను. గేటు చేరేసరికి షిఫ్టు వదిలే కూత ఇంకా వేయలేదు. లోపలికి పోనివ్వరు, నాయనకు కబురు చెప్పేవాళ్లు లేరు. రోడ్డుకు ఈవల గోడ వార నిలబడి చూడటం తప్ప చేసేదేమీ లేకపోయింది.

కూత వేసింది. మనుషులు బయటికి రావడం మొదలైంది. ఇసుక తొట్టి దగ్గర మునిరత్నం మామ. ఆయన వెనకే కుర్చీలో ఆయన పై అధికారి, కాలు మీద కాలు వేసుకుని. నాయన వరసలో ఏడోవాడో ఎనిమిదోవాడో. పెన్ను చేతిలో పట్టుకుని, పక్కవాడితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నేను అరవాలనుకున్నాను. నాయన వంతు వచ్చింది. మామ మర విప్పాడు. గొట్టం వంచి ఇంకు ఇసుకలోకి పోశాడు, ఎప్పటిలాగే నెమ్మదిగా. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగిపోయింది. బొటనవేలు గొట్టం మూతి మీద పెట్టి అదిమి పట్టాడు. తలెత్తి నాయన ముఖంలోకి చూశాడు. నాయన ఏదో అన్నాడు, నవ్వాడు. కుర్చీలో మనిషి అటు చూస్తూ ఆవలించాడు. మామ మళ్లీ మర బిగించి, క్యాపు పెట్టి, పెన్ను నాయన చేతికివ్వకుండా తానే ఆయన జేబులో పెట్టాడు. ఆ బొటనవేలు నీలంగా ఉంది. తర్వాతి మనిషిని పిలవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నాయన నన్ను చూసి, "ఏమ్మా, ఇట్లొచ్చినావు? బడి లేదా?" అన్నాడు. కడుపు నొప్పి అని అబద్ధం చెప్పాను. అది నిజం కూడా అయింది, దారిలో వాంతి చేసుకున్నాను.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ నాయన అమ్మతో అన్నాడు. "ఈ పొద్దు పెన్ను ఎంత బాగా రాసిందనుకొన్నావు. ఒక్క చుక్క రాల్లేదు. మిల్లు చప్పుడులో కూర్చొని పద్దంతా ఒకే ఊపున రాసేసినాను. గేటు కాడ ఆ మునిరత్నం మాత్రం ఇంకంతా ఇసుక పాలు చేసినాడు, పిచ్చోడు." అంత సంతోషంగా ఉన్నాడు. నేను పెన్ను కడుగుతానని తీసుకుని గుండు బయటికి తీశాను, కుంకుడు రసంలో కడిగాను, భరిణెలో వేశాను. మరుసటి రోజు అమ్మ తొమ్మిదీ చూసి, తన కళ్లే మసకబారాయనుకుంది. గండం గడిచిందని నేననుకున్నాను.

తర్వాతి ఆదివారం మునిరత్నం మామ అరుగు మీదికి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. నాయన ఆయన ఇంటికి పోతే ఆయన భార్య తలుపు సగం తీసి లేడని చెప్పింది. లోపల ఆయన దగ్గు వినబడింది. నెల తిరక్కుండానే ఆయన మిల్లు గేటు వదిలి, దూరంగా గనిలోకి దిగే ఇంకో షాఫ్టు గేటుకు మార్పించుకున్నాడు. అప్పుడు నాకు తెలిసింది, ఆయన ఏమనుకున్నాడో. స్నేహితుడు దొంగ అనుకున్నాడు. దొంగ అనుకునే వదిలేశాడు. చెప్పేద్దామా అని ప్రతి ఆదివారం అనుకునేదాన్ని. చెబితే నాయన ఉన్నపళంగా మామ దగ్గరికి పోతాడు, నలుగురికీ తెలుస్తుంది, బంగారం చూసి వదిలినందుకు మామ ఉద్యోగం పోతుంది, గేటులో బంగారం దాటించాడని నాయనను పట్టుకుపోతారు. పదేళ్లప్పుడు నా లెక్క ఇది. ఇరవై ఏళ్లకు లెక్క మారాలి కదా? భయం మారింది అంతే. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నాయన అడుగుతాడని భయం. ముప్పై ఏళ్లకు ఇంకా ఎక్కువ భయం. మైను మూతపడింది, గేటు తుప్పు పట్టింది, మిల్లు లోపల మేకలు మేశాయి, పట్టుకుపోయేవాళ్లే లేకుండా పోయారు. నేను మాత్రం నోరు తెరవలేదు. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే మానేసి ఆ అరుగు ఖాళీ అయింది. నాయన చివరి రోజుల్లో మంచం మీద పడుకుని ఆ ఆఖరి ఆదివారం మాట్లాడిన మాటలన్నీ మళ్లీ మళ్లీ తిరగేసేవాడు. "నేను ఏమంటినో వానికి బాధ అయింది. ఏమంటినో తెలీదమ్మా. రెండు జాబులు రాస్తిని, జవాబు లేదు" అనేవాడు. నేను ఆయన కాళ్లు పిసుకుతూ వినేదాన్ని. నా అంత పిరికిదాన్ని నేనెక్కడా చూడలేదు.

అందుకే ఆ మేడ మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కాను. గదిలో ఇరవై మంది దాకా ఉన్నారు, అందరూ నేను రోజూ పాఠాలు చెప్పే పిల్లల వయసువాళ్లు. బల్ల మీద ఎన్ని రంగుల ఇంకులో, ఊదా, ఇటుక రంగు, నెమలి కంఠం. ఒకరి పెన్ను ఒకరు లాక్కుని పేజీల కొద్దీ రాసేసుకుంటున్నారు. పెన్ను విప్పి దీపం వెలుతురులో గొట్టం చూపించుకుంటూ మురిసిపోతున్నారు. పెన్ను విప్పితే గుండె ఆగిపోయే కాలం ఒకటి ఉండేదని వీళ్లకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. కానీ ఒకటి చెప్పాలి. మా అరుగు మీద ఐదారుగురికీ ఒకరి చేతిరాత ఒకరికి కళ్లు మూసుకున్నా గుర్తుండేది. ఇక్కడ ఇరవై మందీ ఫోటోలు తీసుకున్నారు, ఒకరి పేర్లు ఒకరికి తెలియవు. కిటికీ పక్క కుర్చీలో మునిరత్నం మామ. ఆ ఆరడుగుల మనిషి ఎంత చిన్నవాడైపోయాడో. చెప్పులు విడిచి, కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన ముందు నేల మీద కూర్చుని, "మామా, మిల్లు గోవిందప్ప కూతుర్ని" అన్నాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. లేచి పోతాడేమోనని భయపడి గబగబా ఆ రోజు సంగతి మొత్తం చెప్పేశాను. సాయిబు మాట, అమ్మ భరిణె, గుండు, గోడ వార నేను.

ఆయన ముడుచుకున్న కాళ్లు కిందికి దింపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "గేటు కాడ నాకు కనపడింది, పాపా. పచ్చగా మెరిసింది. నా వెనక ఆయప్ప, మా పై ఆఫీసరు, కూర్చొని ఉండాడు. పట్టిచ్చేదానికి చెయ్యి రాలేదు. ఆ పొద్దు మొదులుకొని రిటైరయ్యేదంకా ఎవుడన్నా చూసినాడేమో, ఎవుడన్నా చెప్తాడేమో అని ఒక్క పొద్దు నెమ్మదిగా నిద్ర పోయింది లేదు."

"నాయన మీ ఇంటికి వచ్చినాడు కదా మామా. ఒక్క మాట అడిగింటే..." అన్నాను.

"అడిగితే అవునంటాడేమోనని భయమమ్మా" అన్నాడు. "ఆయన రాసిన జాబులు విప్పనే లేదు. తప్పు చేసినానని రాసింటాడని. ఆ మాట ఆయన చేత్తో రాసింది నేను చూళ్లేను." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అట్లాంటోన్ని నేను సుమ్నే, ఊరికే, ఇన్నేండ్లు దొంగోడనుకొంటి. ఇంగ నేనిక్కడ కూర్చోలేను. నా చెప్పులు యాడ ఉండాయో చూడమ్మా. ఇప్పుడే పోదాం నాయన కాడికి. నన్ను పిలుచుకొని పో. ఆయన కాళ్లు పట్టుకోవాల."

నేను కుర్చీ కిందికి వంగాను. చెప్పులు అక్కడే ఉన్నాయి, చేతికి అందేంత దగ్గర. రెండూ పట్టుకుని అలాగే వంగి ఉన్నాను. పైనుంచి ఆయన, "దొరికినాయా పాపా?" అని అడుగుతున్నాడు. తలెత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.